కడప ఎండలో కార్పెట్ అనిమోన్: ఫ్యాన్లు సరిపోతాయా, చిల్లర్ కావాలా?

మే నెలలో కడప ఎండ 40 డిగ్రీలు దాటితే ఉప్పునీటి అక్వేరియం ట్యాంకు నీళ్లు 30కి చేరడానికి ఎంతోసేపు పట్టదు. అందులో పెరిగే కార్పెట్ అనిమోన్‌కు (చాపలా పరుచుకునే సముద్ర జీవి) 25–27 ఉంటే హాయి.

నీటిమీదికి గాలి తోలే చిన్న ఫ్యాన్లు చవక. మనది పొడి ఎండ కదా, కూజా నీళ్లు చల్లబడ్డట్టే ట్యాంకూ రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. చిక్కల్లా ఒకటే: ఆవిరయ్యేది నీళ్లు, ఉప్పు కాదు. రోజూ ఆర్‌ఓ నీళ్లు పోసి ఉప్పునీటి సాంద్రతను (మంచినీళ్లతో పోలిస్తే ఎంత బరువో ఆ లెక్క) 1.025 దగ్గర నిలపాలి. బోరు నీళ్లు వద్దే వద్దు.

పోయిన ఎండాకాలం నేను రెండు రోజులు పోయలేదు. అనిమోన్ అంచులు ముడుచుకుంది, నోరు తెరుచుకుంది. రొయ్య ముక్క పెడితే ఎప్పుడూ జిగురులా పట్టేసేది, ఆ రోజు ముక్క జారి ఇసుకలో పడింది. నా ప్రాణం ఉసూరుమంది.

చిల్లర్ అంటే ట్యాంకు నీళ్లను చల్లబరిచే యంత్రం; ఖరీదెక్కువ, కరెంటు బిల్లూ ఎక్కువే. గదిలోకి వేడి వదులుతుంది, కాబట్టి గాలి ఆడే చోట పెట్టాలి. కానీ రాత్రీ పగలూ నీళ్లు ఒకే తీరున ఉంటాయి, అనిమోన్‌కు కావాల్సింది ఆ నిలకడే. అందుకే నా ఓటు చిల్లర్‌కే. అయినా ఫ్యాన్లు తీసెయ్యలేదు: కరెంటు పోతే ఇన్వర్టర్ మీద తిరిగేవి అవే.