నాలుగేళ్లుగా నా బండి టూల్‌కిట్‌లో ఉన్న ట్రెడ్ గేజ్ (టైరు గాడి లోతు కొలిచేది)

నరసన్నపేట నుంచి శ్రీకాకుళానికి ఉద్యోగం కోసం రోజూ రానూపోనూ 45 కిలోమీటర్లు బండి మీదే తిరుగుతాను. 2021 అక్టోబరులో ఓ సాయంత్రం వాన వెలిశాక ఇంటికి వస్తున్నాం. మడపాం వంతెన దాటాక ముందున్న లారీ నెమ్మదించింది, నేను బ్రేకు వేశాను. వెనక చక్రం సర్రున పక్కకి జారింది. వెనక మా ఆవిడ ఉంది. పడలేదు గానీ ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

అంతకు వారం ముందే పంక్చర్ షాపులో టైరు చూపించాను. ఆయన పక్క గీతల్లో గోరు పెట్టి చూసి, "గ్రిప్పుంది బాబూ, ఇంకో రెండు నెల్లు తిప్పీయొచ్చు" అన్నాడు. నేనూ అలాగే చూసేవాణ్ణి. మా హైవే తిన్నగా ఉంటుంది, బండి వంగేదే తక్కువ. అందుకని టైరు నడిమధ్యన అరిగి చదునైపోతుంది, అంచుల్లో గీతలు మాత్రం కొత్తవాటిలాగే ఉంటాయి. నిలబడి చూస్తే కంటికి ముందు ఆ అంచులే ఆనతాయి.

కొత్త టైరు వేయించిన వారంలోనే ఆన్‌లైన్‌లో 160 రూపాయలకి ఈ గేజ్ తెప్పించాను. ప్లాస్టిక్‌ది, మధ్యలో సన్నటి పుల్ల. పుల్లని గాడిలోకి నొక్కి, గేజ్ అడుగుభాగం రబ్బరుకి ఆనించి, ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చదువుకోవడమే.

మొదట్లో కొలిచినప్పుడల్లా ఓ లెక్క వచ్చేది. బైకు టైరు గుండ్రంగా ఉంటుంది కదా, గేజ్ కాస్త వాలినా అంకె మారిపోతుంది. ఇంకో సంగతి ఆలస్యంగా తెలిసింది. టైరు పక్క గోడ మీద టీడబ్ల్యూఐ (అరుగుదల గుర్తు) అనో, చిన్న త్రికోణమో ఉంటుంది. దానికి తిన్నగా పైకి చూస్తే గాడి అడుగున చిన్న రబ్బరు గట్టు కనిపిస్తుంది. పుల్ల దాని మీద పడితే లోతు తక్కువ చూపిస్తుంది. అందుకే ఇప్పుడు గట్టుని తప్పించి, చక్రం తిప్పుకుంటూ మూడు చోట్ల, నడిమధ్య గాడిలోనే కొలుస్తాను. మూడింటిలో తక్కువదే లెక్క.

రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు మార్చేయాల్సిందే. మోటారు వాహనాల నిబంధనల్లో రెండు చక్రాల బండికి కనీస లోతు 0.8 మిల్లీమీటర్లు, కార్లకి 1.6. నా గేజ్ మీద ఎరుపు గీత 1.6 దగ్గర ఉంది, అంటే కార్ల కోసం చేసినది. అయినా 0.8 దాకా నేను ఆగను. గాడిలో లోతుంటేనే చక్రం కింది వాన నీళ్లు బయటికి పోతాయి. ఆ సాయంత్రం తర్వాత ఈ విషయంలో నేను పిసినారితనం చేయదలచుకోలేదు.

ప్రతి నెలా మొదటి ఆదివారం కొలిచి డైరీలో రాసుకుంటాను. వెనక టైరు 6.2 దగ్గర మొదలై, 2023 మే నెలకి సుమారు 21,000 కిలోమీటర్లు తిరిగేసరికి 1.8కి వచ్చింది. దాదాపు 5,000 కిలోమీటర్లకి ఒక మిల్లీమీటరు. ఈ లెక్క చేతిలో ఉండబట్టే వానాకాలం మొదలవకముందే డబ్బు పక్కన పెట్టుకుని టైరు మార్చాను. ముందు టైరు అందులో సగం కూడా అరగలేదు.

లోపాలూ ఉన్నాయి. రెండేళ్లకి స్కేలు మీద అంకెలు చెరిగాయి, సూదితో గీసుకున్నాను. పుల్ల వదులై, పైకెత్తగానే జారిపోతోంది, అందుకని గాడిలో ఉండగానే చదవాలి. కొలిచే ముందు అద్దం మీద పెట్టి సున్నా చూపిస్తోందో లేదో చూసుకుంటాను. ఇది పాడైతే ప్లాస్టిక్‌ది మళ్లీ కొనను, అంకెలు చెక్కి ఉన్న లోహపు గేజే తీసుకుంటాను.