అమ్మ వాటా 450 గ్రాములు: నాలుగేళ్లు మోసిన ఒక సంచి గురించి

ఖాళీ సంచి బరువు 780 గ్రాములు. కొన్నప్పుడు చీటీ మీద ఉన్న అంకె కాదిది, మా వీధి కిరాణా కొట్టులో కాటా మీద పెట్టించి చూసింది. "ఏం సార్, సంచులు గూడా తూకానికి అమ్ముతున్నారా?" అని కొట్టాయన నవ్వాడు. నవ్వితే నవ్వనీలే అనుకున్నా. సంచి బరువు ఎందుకు చూడాలో నాకు అంతకు ముందు నెలలోనే తెలిసొచ్చింది.

2021 మార్చి 28న ఓర్వకల్లు నుంచి విమానాలు మొదలయ్యాయి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన ఆ విమానాశ్రయం కర్నూలు నుంచి నంద్యాల రోడ్డులో సుమారు ఇరవై కిలోమీటర్లు. మొదట్లో బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకు వేశారు. మా అక్క ఉండేది విశాఖలో. అంతకు ముందు అక్కను చూసి రావాలంటే రాత్రంతా ప్రయాణం, మర్నాడు సగం పూట కూడా దారిలోనే. శని ఆదివారాల్లో పోయి రావడమనే మాటే లేదు. అందుకే జులైలో టికెట్ తీసుకుని, ఇంట్లో ఉన్న గట్టి ప్లాస్టిక్ ట్రాలీ సర్దుకుని బయల్దేరాను. అందులో అమ్మ ఒక నన్నారి షర్బతు సీసా పెట్టింది, పాత చీర ముక్కలో చుట్టి. ట్రాలీని లగేజీలో వేశాను. విశాఖలో బెల్టు మీద నుంచి తీసేసరికి ఒక చక్రం లేదు. లోపల చొక్కాలన్నీ నన్నారి రంగు, నన్నారి వాసన. చక్రం సంగతి ఎవరినీ అడగలేదు. గాజు సీసా లగేజీలో పెట్టినవాడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

తిరిగొచ్చాక ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలకు ఈ సంచి తెప్పించాను. వీపుకు తగిలించుకునేది, ముప్పై లీటర్లు, బూడిద రంగు, మెత్తటి నైలాన్ గుడ్డ. ముందరున్న లోగో రెండో ఏడే ఊడిపోయింది కాబట్టి కంపెనీ పేరుతో పనిలేదు. ఇప్పటికి ముప్పైకి పైగా ప్రయాణాలు చేసింది. ఎక్కువగా విశాఖ, తర్వాత బెంగళూరు, పుణె రెండుసార్లు, ఢిల్లీ ఒకసారి. నాది లెక్కలు చూసే ఉద్యోగం, అందుకే ఈ సమీక్షలో కూడా అంకెలే ముందుగా వస్తాయి. ఓపిక పట్టండి.

మన దేశంలో విమానాల్లో చేతి సంచికి మామూలు హద్దు ఏడు కిలోలు. కొలతలు 55 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 మందం. నా మూడు రోజుల ప్రయాణానికి లెక్క ఇట్లా ఉంటుంది. లాప్‌టాప్, దాని ఛార్జర్ కలిపి రెండు కిలోలు. బట్టలు ఇంకో రెండు కిలోలు. లుంగీ, పల్చటి నేత తువ్వాలు అర కిలో. రబ్బరు చెప్పులు 350, పళ్లపొడి, సబ్బు, నూనె సీసా లాంటివి 300, పవర్ బ్యాంక్ 220, బీపీ మాత్రలు, కాగితాలు 400. సంచితో కలిపి ఆరు కిలోల ఐదు వందల యాభై. అంటే మిగిలేది 450 గ్రాములు. ఇంట్లో దాన్ని అమ్మ వాటా అంటాం.

ఇవే సామాన్లు ఆ పాత ట్రాలీలో పెట్టి చూడండి. ఖాళీదే 2.9 కిలోలు. మొత్తం 8.67 అవుతుంది. అమ్మ వాటా పోగా ఇంకా కిలోన్నరకు పైనే బాకీ. చక్రాలున్నాయి కదా, బరువెక్కడ తెలుస్తుందని వాదించేవాళ్లున్నారు. చక్రాలు మన భుజానికి తెలియనివ్వవు, కౌంటర్ దగ్గర కాటాకు మాత్రం అవి కూడా బరువే. తేలిగ్గా సర్దుకోవడమంటే చొక్కాలు తగ్గించడమని నేనూ అనుకునేవాణ్ణి. ఒక చొక్కా తీసేస్తే పోయేది 200 గ్రాములు. సంచి మారిస్తే రెండు కిలోలు.

టికెట్‌తో పదిహేను కిలోల లగేజీ ఎట్లాగూ ఇస్తారు కదా, ఈ తిప్పలెందుకని అడగొచ్చు. నేరుగా పోయి నేరుగా వచ్చేవాళ్లకు నిజంగానే అవసరం లేదు, హాయిగా వేసుకోండి. నాకు అసలు ఉపయోగం బెంగళూరులో కనబడింది. పుణెకు పోవాలంటే ఓర్వకల్లు నుంచి బెంగళూరుకు ఒక టికెట్, అక్కడి నుంచి వేరే కంపెనీలో ఇంకో టికెట్. రెండూ విడివిడిగా కొంటేనే చవక. విడివిడిగా కొన్నప్పుడు లగేజీ ఉంటే బెల్టు దగ్గర నిలబడి తీసుకోవాలి, బయటికి రావాలి, రెండో కంపెనీ కౌంటర్‌లో మళ్లీ ఇవ్వాలి. ఆ కౌంటర్ విమానం బయల్దేరే గంట ముందే మూసేస్తారు. ఒకసారి మా విమానం నలభై నిమిషాలు ఆలస్యం. దిగింది ఒకటో టెర్మినల్‌లో, ఎక్కాల్సింది రెండో టెర్మినల్‌లో. బోర్డింగ్ పాస్ ఫోన్లో ఉంది, సంచి వీపు మీదుంది. గేటు మూయడానికి పది నిమిషాల ముందు చేరాను. ట్రాలీ లగేజీలో వేసి ఉంటే ఆ రాత్రి బెంగళూరులోనే పడుకునేవాణ్ణి. దీనికి తోడు, చేతి సంచి ఒక్కటే తెచ్చేవాళ్లకు కాస్త తక్కువకు టికెట్లు ఇచ్చే కంపెనీలున్నాయి. తేడా పెద్దగా ఉండదు, కానీ ఏడాదికి ఎనిమిది సార్లు తిరిగేవాడికి సంచి ఖర్చు తిరిగొచ్చినట్టే.

ఓర్వకల్లు నుంచి నేనెక్కింది ఏటీఆర్ విమానాలే. రెండు పక్కలా ఫ్యాన్లు తిరిగే చిన్న విమానం, 78 సీట్లు, వరసకు రెండూ రెండూ. వెనకవైపు మెట్లెక్కి లోపలికి పోవాలి. పైన అరలు మామూలు విమానంలో కంటే చిన్నవి, లోతు తక్కువ. 55 సెంటీమీటర్ల గట్టి ట్రాలీ కొలత ప్రకారం సరిగ్గానే ఉన్నా అందులో పట్టక, చివరి నిమిషంలో సిబ్బందికి ఇచ్చి కింద వేయించుకున్నవాళ్లను చాలాసార్లు చూశాను. ఈ సంచి ఒకవైపు నొక్కితే లోపలికి పోతుంది. పోకపోతే ముందు సీటు కింద పట్టేస్తుంది. మెత్తటిది కావడం వల్ల వచ్చిన లాభం ఇది.

మెత్తదనంతోనే నష్టం కూడా. మెత్తటి సంచికి కడుపు పెద్దది. ఎంత కుక్కినా ఇంకొంచెం పడుతుందనే అనిపిస్తుంది. పుణె నుంచి వచ్చేటప్పుడు భాకర్‌వడి అనే అక్కడి చిరుతిండి డబ్బాలు ఒక్కొక్కటే దూర్చాను. అది చేతి సంచి టికెట్. గేటు దగ్గర తూస్తే 8.4 కిలోలు. కట్టిన డబ్బుతో ఇంకో నాలుగు డబ్బాలు వచ్చేవి. ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఇక్కడే చెబుతున్నా. ఆ తర్వాత కొక్కేనికి తగిలించి తూసే చిన్న కాటా ఒకటి 350 పెట్టి కొన్నాను. సంచి కంటే ముందు కొనాల్సింది అది.

ఇంకో నష్టం రొట్టెలది. అమ్మ అక్క కోసం జొన్నరొట్టెలు ఎండబెట్టి పంపుతుంది. వారాలు నిలవుంటాయి, పైగా బరువే ఉండవు. 450 గ్రాముల వాటాలో ఎక్కువ సంఖ్యలో పట్టే తిండి అదొక్కటే కాబట్టి అమ్మ బాగా ఆలోచించే ఎంచుకుంది. మొదటిసారి కాగితంలో చుట్టి సంచిలో పెట్టాను. విశాఖలో విప్పితే అక్క చూసి, "ఇది రొట్టెనా రవ్వనా రా?" అంది. అప్పటి నుంచి పాత స్వీట్ డబ్బా మూతలు రెండు పెట్టి, మధ్యలో రొట్టెలుంచి దారంతో కడుతున్నా. సగమన్నా నిలుస్తున్నాయి.

తిండి మాటెత్తాం కాబట్టి సెక్యూరిటీ సంగతి కూడా. కారం పొడి, ఊరగాయ చేతి సంచిలో పెట్టకండి. చెనిక్కాయ పొడిలో కారం కనబడి ఒకసారి నా డబ్బా కూడా తీయించారు. తప్పు నాదే. ఎండు కొబ్బరి చేతి సంచిలోకీ పనికిరాదు, లగేజీలోకీ పనికిరాదు, దానిలో నూనెకు మంట అంటుకుంటుందని. అగ్గిపెట్టె కూడా అంతే. పవర్ బ్యాంక్ దీనికి ఉల్టా, చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. వంద వాట్ అవర్ల లోపుదైతే పేచీ లేదు. మామూలుగా అమ్మే ఇరవై వేల ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లే. నేనైతే పదివేలదే వాడతాను, బరువు సగం.

బట్టల విషయంలో నేను నేర్చుకున్నదంతా విశాఖ గాలి నేర్పింది. రాత్రి ఒక జత ఉతికి ఆరేసుకుంటే రెండు జతలతో వారం గడపొచ్చని ఎక్కడో చదివాను. కర్నూల్లో నిజమే, మే నెలలో చొక్కా తాడు మీద వేసి కాఫీ తాగి వచ్చేలోపు ఆరిపోతుంది. విశాఖలో సముద్రం పక్కన రాత్రి ఆరేసిన నూలు బనియను తెల్లారి కూడా తడిగానే ఉంది. అది వేసుకుని ఒక పెళ్లి చూపులకు పోయాను (చూపులు నాకు కాదు, మేనకోడలికి). ఇప్పుడు అక్కడికి పోయేటప్పుడు తొందరగా ఆరే సింథటిక్ బనియన్లే. జీన్స్, బూట్లు, అన్నిటికంటే బరువైన చొక్కా ఒంటి మీదే. లుంగీని మాత్రం ఎప్పుడూ వదల్లేదు. కట్టుకోవచ్చు, కప్పుకోవచ్చు, బస్సులో సీటు మీద పరుచుకోవచ్చు. టర్కీ తువ్వాలు ఒక్కటే అర కిలో తూగుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. దాన్ని ఇంట్లోనే ఉంచేయండి. గడ్డం సామాను కూడా మానేశాను. పోయిన ఊళ్లో మంగలి షాపులో కూర్చుంటే గడ్డంతో పాటు ఆ ఊరి సంగతులూ తెలుస్తాయి.

ఇక సంచి మన్నిక. ఇందులో పెద్దగా మెచ్చుకోవడానికి లేదు. భుజం పట్టీల్లో స్పాంజ్ మొదటి ఏడాదికే అణిగిపోయింది. ఆరు కిలోలు దాటితే అరగంటకు భుజాలు లాగుతాయి. వీపు వైపు గాలి ఆడే జాలీ లేదు. ఎండాకాలం ఓర్వకల్లులో విమానం దాకా నడిచేసరికి చొక్కా వీపుకు అతుక్కుంటుంది, నల్ల చొక్కా అయితే ఉప్పు చారలు. పక్క జేబు లోతు చాలదు, నా స్టీలు సీసా బస్సు మెట్ల మీద దొర్లిపోయి సొట్ట పడింది. వానకు పైన బాగానే ఆగుతుంది కానీ అడుగు నుంచి నీళ్లు పీలుస్తుంది. ఒకసారి ఆడిట్ కాగితాలు తడిశాయి. అప్పటి నుంచి అడుగున ఒక ప్లాస్టిక్ కవర్ పరుస్తున్నా. మూడో ఏడు పెద్ద జిప్పు పళ్లు పట్టుకోవడం మానేసింది. కొత్తది కొందామనుకుంటూనే పాత బస్టాండ్ దగ్గర సంచులు కుట్టేవాడికి చూపిస్తే, జిప్పు బాగానే ఉంది, రన్నరే అరిగిందన్నాడు. అరవై రూపాయలకు కొత్త రన్నర్ వేశాడు. ఇప్పటికీ అదే నడుస్తోంది. పట్టీ మొదట్లో కుట్టు ఊడితే దానికీ తోలు ముక్క వేసి కుట్టాడు. ఆ రెండు రిపేర్లూ కంపెనీ పనికంటే గట్టిగా ఉన్నాయి.

ఓర్వకల్లు నుంచి విమానం రోజూ ఉండదు, ఏ ఊరికి ఏ రోజన్నది మారుతూ ఉంటుంది. మనకు కుదరనప్పుడు బస్సులో శంషాబాద్ పోయి అక్కడ ఎక్కాలి, రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. బస్సులో సంచి డిక్కీలో వేయకుండా ఒళ్లో పెట్టుకోవచ్చు. తల ఆనించి పడుకోవడానికి కూడా ఈ మెత్తటి సంచే మేలు.

ఎవరు కొనకూడదంటే, పెళ్లికి పోయేవాళ్లు. పట్టుచీర మడత నలగకూడదు, పంచె ఇస్త్రీ చెడకూడదు. ఇందులో రెండూ జరుగుతాయి. చిన్నపిల్లలతో పోయేవాళ్లు కూడా. వీపు నొప్పి ఉన్నవాళ్లు చక్రాలున్న తేలికపాటి గుడ్డ ట్రాలీ చూసుకోండి, గట్టి ప్లాస్టిక్‌ది మాత్రం వద్దు. ఒక్కడే, రెండు మూడు రోజులకు, పని మీద తిరిగేవాడికి ఐదుకు మూడున్నర ఇస్తాను. పోయిన ఒకటిన్నరలో అర మార్కు జొన్నరొట్టెలది.

మొన్న లాప్‌టాప్ లేకుండా పోతున్నానని అక్కకు పొరపాటున చెప్పాను. అంటే రెండు కిలోలు ఖాళీ అన్నమాట. లెక్క ఆమెకు నాకంటే బాగా వచ్చు.

"అయితే కర్నూలు సోనా తీస్కరా రా."

"విశాఖలో బియ్యం దొరకవా అక్కా?"

"దొరుకుతాయి. మన బియ్యం దొరకవు."

రెండు కిలోల బియ్యం నాలుగు రోజులకు రావు కదా అంటే, అయితే ఇరవై ఐదు కిలోల బస్తా పంపమంది. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో వేసొచ్చాను. మిగిలిన వాటాలో అమ్మ ఓళిగలు పెట్టింది, కొక్కెం కాటా మీద నాకంటే ముందు తనే తూసి, సరిగ్గా ఏడు కిలోల దగ్గర ఆపింది.