జాగ్రత్త: మెరిసే ఎల్పీని నమ్మకండి, ఆలాపన వినిపించమనండి

డిసెంబరు కచేరీలకు చెన్నై వెళ్లి, పనిలో పనిగా పాత రికార్డులు కొనే సంగీతాభిమానులకు ఈ హెచ్చరిక.

అక్కడి ఒక దుకాణంలో ఈమని శంకరశాస్త్రి వీణ ఎల్పీకి, అంటే ఎక్కువసేపు మోగే ప్లాస్టిక్ రికార్డుకు, నా దగ్గర 2,500 రూపాయలు పుచ్చుకున్నారు. అట్ట బాగుంది, రికార్డు అద్దంలా మెరిసింది. ఇంటికి తెచ్చి తుడిస్తే గుడ్డకు జిడ్డు అంటింది. ఆ మెరుపంతా నూనెది! దాని కింద ఒకటే గీతలు. పైగా ఆ జిడ్డు దుమ్మును గాడిలోనే పట్టి ఉంచుతుంది, ముల్లునూ పాడుచేస్తుంది.

అంతకంటే ఘోరం శ్రుతి. రికార్డు వంగిపోవడంతో తంబూరా నాదమే పైకీ కిందికీ ఊగుతోంది. ఈమని వారు స్వరాన్ని ఊపే గమకం ఏదో, రికార్డు వంకర ఏదో తెలియని దుస్థితి.

దుకాణంలో వినిపించలేదా అంటారేమో. వినిపించారు. మృదంగం జోరందుకున్న చోట ముల్లు పెట్టి, శబ్దం పెంచి, అర నిమిషంలో తీసేశారు. ఆ హోరులో ఏ లోపం తెలుస్తుంది? ఫోను చేస్తే, ‘పాత సరుకు, వాపసు లేదు’ అన్నారు.

అలాగని దుకాణాలు మానేయమనను. అట్టలు ఒక్కొక్కటే తిరగేస్తూ, వెనక పక్కవాద్యాల పేర్లు చదువుకుంటూ, అనుకోని రాగం దొరికితే పొంగిపోవడం ఫోనులో పాటలు వెతికితే వచ్చేది కాదు. కానీ మృదంగం లేని ఆలాపన మొదటి నిమిషాలే వినిపించమనండి, చిటపటలు అక్కడే బయటపడతాయి. లేబుల్‌కు దగ్గరగా ఉన్న చివరి గాడులూ వినండి, శబ్దం ముందుగా చెడేది సాధారణంగా అక్కడే. రికార్డు తిరుగుతుంటే ముల్లున్న చేయి అటూ ఇటూ ఊగుతోందంటే రంధ్రం నడిమధ్యలో లేదన్నమాట. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం ఎల్పీని ‘అరుదైనది’ అని చూపిస్తే నవ్వి ఊరుకోండి, అది ఇంటింటా ఉన్న రికార్డు.

నిమిషానికి 78 సార్లు తిరిగే (78 ఆర్‌పీఎం) పాత లక్క రికార్డులను స్పిరిటుతో తుడిచి శుభ్రం చేస్తామంటే ఒప్పుకోవద్దు, లక్క కరిగిపోతుంది. వాటికి ఎల్పీ ముల్లు కూడా పనికిరాదు, వెడల్పాటిది కావాలి.

అట్ట మీది నంబరు, లేబుల్ మీది నంబరు ఒకటేనా చూసి, అదే రసీదులో రాయించుకోండి. నాకిచ్చిన రసీదులో ‘రికార్డు 1’ అని మాత్రమే ఉంది.