తక్కువ ధర రైఫిల్‌లో డబ్బు ఎక్కడ మిగిల్చారు?

నేను పద్దెనిమిదేళ్ళు టూల్ రూమ్‌లో పనిచేశాను. లేత్ మీద మొదలై, చివరి ఏడేళ్ళూ గేజీలతో కొలతలు సరిచూసే ఇన్‌స్పెక్షన్ పని చూశాను. అందుకేనేమో, ఎవరైనా రైఫిల్ చేతికిస్తే ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాక నా కళ్ళు ముందు బ్యారెల్ కొన మీదికే పోతాయి. అక్కడ అంచు ఎంత శుభ్రంగా కోశారో చూస్తాను. తర్వాత తూటా వెనక మూసుకునే కడ్డీని, అంటే బోల్ట్‌ని, బయటికి లాగి, దానికి తాళంలా పడే పళ్ళ (లగ్గుల) వెనక వైపు చూస్తాను. పాలిష్, స్టాక్ (భుజానికి ఆనించే చట్రం) మీద గీతలు, పెట్టె మీద రాతలు ఆఖర్న.

వేటకు వెళ్ళను. వంద గజాల దూరంలో కాగితం మీద కొడతాను. గత ఆరేళ్ళలో నావీ, క్లబ్బులో స్నేహితులవీ కలిపి తక్కువ ధర బోల్ట్ యాక్షన్ రైఫిళ్ళు ఆరు రకాలు కాల్చి చూశాను. సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్, మాస్‌బర్గ్ పేట్రియాట్, రెమింగ్టన్ 783, హోవా 1500, టిక్కా టి3ఎక్స్. ఒక్కోదానికీ నోటుబుక్కులో పేజీలున్నాయి.

కొత్తగా వచ్చే కుర్రాళ్ళు నన్ను అడిగేది ఒకటే: "అన్నా, ఈ కంపెనీ మంచిదేనా?" నేను తిరిగి అడుగుతాను: ఏ మోడల్, ఏ ఏడాదిది, అప్పుడు ఆ ఫ్యాక్టరీ ఎవరి చేతిలో ఉంది? ధర తగ్గాలంటే ఎక్కడో ఒకచోట పని తగ్గించక తప్పదు. ఆ తగ్గింపు బ్యారెల్, చాంబర్ (తూటా కూర్చునే గూడు), బోల్ట్ జోలికి రాకుండా స్టాక్, పైపూత, తూటాలు నింపే మ్యాగజైన్‌లతో ఆగిందా? నేను కంపెనీని తూచేది దీన్ని బట్టే.

పని తగ్గించడం అనగానే నాసిరకం అని చాలామంది అనుకుంటారు. సావేజ్ వాళ్ళ బ్యారెల్ నట్టు చూస్తే ఆ అభిప్రాయం పోతుంది. రైఫిల్‌లో అతి కీలకమైన కొలత హెడ్‌స్పేస్. బోల్ట్ మూసినప్పుడు తూటాకు చాంబర్‌లో మిగిలే చోటును నిర్ణయించే కొలత అది. .308 విన్‌చెస్టర్ తూటాకు గో గేజీ 1.630 అంగుళాలు, నో గో గేజీ 1.634. మధ్యలో ఉన్నది నాలుగు థౌలు (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే దాదాపు ఒక కాగితం మందం. గో గేజీ మీద బోల్ట్ మూసుకోవాలి, నో గో మీద మూసుకోకూడదు. పాత పద్ధతిలో ఆ కొలత రావాలంటే అనుభవం ఉన్న మనిషి బ్యారెల్ భుజాన్ని, చాంబర్‌ని కొంచెం కొంచెం కోస్తూ, మళ్ళీ మళ్ళీ గేజీ పెట్టి చూసుకుంటూ కూర్చోవాలి. 1958లో వచ్చిన సావేజ్ 110లో ఆ తతంగం తీసేశారు. గేజీ చాంబర్‌లో పెట్టి, బోల్ట్ మూసి, బ్యారెల్‌ని అది తగిలేదాకా తిప్పి, పైనుంచి ఒక నట్టు బిగిస్తారు. మనిషి గంటల తరబడి చేసే పనిని ఆ నట్టు చేసేస్తుంది. కొలత మాత్రం కచ్చితంగా వస్తుంది. దానికి తోడు బోల్ట్ తల విడి ముక్క. కొంచెం కదిలి తనంతట తాను చాంబర్‌కి సరిగ్గా కూర్చుంటుంది. 1988లో ఆ కంపెనీ దివాలా దరఖాస్తు పెట్టినప్పుడు మిగతా సరుకంతా పక్కనపెట్టి ఈ 110నే పట్టుకుని బయటపడింది. ఇప్పుడు రూగర్ అమెరికన్‌లో, రెమింగ్టన్ 783లో కూడా అదే నట్టు కనిపిస్తుంది. బ్యారెల్ మొదట్లో ఆ ముద్ద చూడ్డానికి బాగుండదని కొందరు ముఖం తిప్పుకుంటారు. నాకైతే ఆ నట్టంటే గౌరవం. డబ్బు ఎక్కడ మిగల్చాలో తెలిసినవాడు గీసిన డ్రాయింగ్ అది.

యాక్సిస్ సంగతి అక్కడి నుంచే అర్థమవుతుంది. బ్యారెల్, బోల్ట్ తల తాత 110 దగ్గర నుంచి వచ్చిన ఆలోచనలే. మిగిల్చిందంతా స్టాక్‌లో మిగిల్చారు. ముందు భాగం మెత్తటి ప్లాస్టిక్కు, చేత్తో నొక్కితే వంగుతుంది. ఇసుక సంచి మీద ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ ఆనిస్తే ఒత్తిడి మారిపోతుంది. అందుకే యాక్సిస్ కొన్నవాళ్ళకు నేను ముందు చెప్పేది సంచి ఎప్పుడూ మ్యాగజైన్‌కి దగ్గరగా, ఒకే చోట పెట్టమని. మొదటి యాక్సిస్‌లో ట్రిగ్గర్ సాదాది, బరువుది. యాక్సిస్ 2లో అక్యుట్రిగ్గర్ పెట్టారు. ట్రిగ్గర్ మధ్యలో సన్నటి రేకు ఉంటుంది. అది నొక్కకుండా పక్కనుంచి ఎంత తగిలినా, కింద పడినా పేలకుండా అడ్డుకుంటుంది. ఆ భరోసాతోనే లాగే బరువు తగ్గించగలిగారు. రెండింట్లో ఏది తీసుకోవాలని అడిగితే నాకు ఒక్క క్షణం కూడా ఆలోచన అక్కర్లేదు, రెండోదే.

రూగర్ అమెరికన్ 2012లో అంగళ్ళకు వచ్చింది. దీని స్టాక్ కూడా అచ్చులో పోసినదే, కానీ లోపల రెండు వి ఆకారపు లోహపు దిమ్మలు కూర్చోబెట్టారు. రిసీవర్ (బ్యారెల్ బిగించే, బోల్ట్ కదిలే లోహపు డబ్బా) ప్లాస్టిక్కు మీద కాకుండా ఆ దిమ్మల మీద కూర్చుంటుంది. విప్పి మళ్ళీ బిగించినా గురి పెద్దగా మారదు. బోల్ట్‌కి మూడు లగ్గులు కాబట్టి పిడి 70 డిగ్రీలు ఎత్తితే చాలు, స్కోప్‌కి వేళ్ళు తగలవు. బ్యారెల్ సుత్తి దెబ్బలతో లోపలి మెలి గాడులు (గుండుని తిప్పేవి) తేలేలా చేసిన రకం. ట్రిగ్గర్ బరువు మనమే మూడు నుంచి ఐదు పౌండ్ల మధ్య పెట్టుకోవచ్చు. ఎవరైనా నన్ను ఒకే ఒక్క పేరు చెప్పమని బలవంతపెడితే, ఎక్కువసార్లు చెప్పింది ఈ పేరే.

పేట్రియాట్, 783 గురించి తక్కువే చెప్తాను. రెండూ కాగితం మీద మాట నిలబెట్టుకున్నాయి. పేట్రియాట్ బోల్ట్ మీద మెలి గాడులు, బ్యారెల్ మీద గాడులు కంటికి బాగుంటాయి. ఆ గాడులకు పెట్టిన ఖర్చు స్టాక్ గట్టిదనానికి పెట్టి ఉంటే నాకు ఇంకా సంతోషంగా ఉండేది.

ఇక పేరు ప్రతిష్ఠల సంగతి. రెమింగ్టన్ 1816లో పుట్టిన కంపెనీ. 1962లో వచ్చిన వాళ్ళ 700 మోడల్ చుట్టూ ఎన్నో కంపెనీలు విడిభాగాలు తయారుచేసి బతికాయి. అదే పేరు మీద 2001లో 710 వచ్చింది. అందులో బ్యారెల్‌ని రిసీవర్‌లోకి మర తిప్పకుండా నొక్కి దించారు. బోల్ట్ జారేది ప్లాస్టిక్కు తొడుగులో. లగ్గులు నేరుగా బ్యారెల్‌లోనే తాళం వేసుకుంటాయి కాబట్టి బలానికి లోటు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ బ్యారెల్ అరిగితే మార్చుకోవడం మామూలు పనివాడి వల్ల కాదు. వాడి పారేసే వస్తువులా గీశారు దాన్ని. తాత పేరు చూసి కొన్నవాళ్ళకు మనవడి గుణం తెలియలేదు.

2014లో వచ్చిన రీకాల్ ఇంకా పెద్ద పాఠం. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ దాకా తయారైన 700, మోడల్ సెవెన్ రైఫిళ్ళను ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్ కోసం వెనక్కి పిలిచారు. బిగించేటప్పుడు వాడిన అతుకు మందు కొన్నింట్లో ఎక్కువైతే, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని చెప్పారు. నేను ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ కారణం చదివినప్పుడు కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. డ్రాయింగ్‌లో తప్పు కాదు, లోహంలో తప్పు కాదు. బల్ల దగ్గర ఒక చుక్క ఎక్కువ. ఎనిమిదేళ్ళ సరుకు. సెకండ్ హ్యాండ్‌లో ఆ ఏళ్ళ రైఫిల్ కొనేవాళ్ళు సీరియల్ నంబరు చూసుకుని, రీకాల్ పని జరిగిందని రుజువు దొరికాకే చెయ్యి పెట్టండి. ఇందులో మొహమాటం వద్దు.

మార్లిన్ కథ లీవర్ యాక్షన్ (ట్రిగ్గర్ దగ్గరి మీట లాగి తూటా ఎక్కించే) రైఫిళ్ళది, కానీ కంపెనీ పేరు ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే అది చెప్పాలి. 2007 చివర్లో రెమింగ్టన్ వాళ్ళు మార్లిన్‌ని కొన్నారు. కొన్నేళ్ళకు కనెక్టికట్‌లోని నార్త్ హేవెన్ ఫ్యాక్టరీ మూసి, పనిని న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌కి తరలించారు. పాత యంత్రాల లొసుగులు ఏళ్ళ తరబడి చేత్తో సరిదిద్దుకుంటూ వచ్చిన మనుషుల్లో ఎక్కువమంది వాటి వెంట వెళ్ళలేదు. ఆ తర్వాత వచ్చిన తుపాకుల్లో సైట్లు వంకర, చెక్కకీ లోహానికీ మధ్య సందులు అని కొన్నవాళ్ళు ఎంత మొత్తుకున్నారో! 2020లో రెమింగ్టన్ దివాలా తీసినప్పుడు రూగర్ మార్లిన్‌ని కొనుక్కుంది. వెంటనే అచ్చేసి అమ్మకుండా ఏడాది ఆగి, పని మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుని, 2021 డిసెంబరులో మొదటి 1895 మోడల్ రైఫిల్ బయటికి పంపింది. మూడు కాలాల్లోనూ బ్యారెల్ మీద పేరు మార్లిన్ అనే ఉంటుంది. చేతులు మాత్రం మూడు జతలు.

నా సొంత అనుభవం ఒకటుంది. కంపెనీ పేరు చెప్పను. కొత్త రైఫిల్, మొదటి మూడు షాట్లు 0.8 అంగుళాల్లో పడ్డాయి. ఆ కాగితం ఫొటో తీసి అందరికీ చూపించాను. వారం తర్వాత అదే తూటాలతో వరసగా పది కొడితే 2.3 అంగుళాలు. ఆరో షాటు నుంచి గుళ్ళు పైకీ కుడికీ పాకాయి. ఇంటికొచ్చి బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య కాగితం ముక్క జొనిపితే సగం దూరంలో ఆగిపోయింది. వేడెక్కిన బ్యారెల్ ప్లాస్టిక్కుని తోస్తోంది. అది నేనే గరుకు కాగితంతో రుద్ది సరిచేసుకున్నాను, దానికి నాకు కోపం లేదు. కోపం వచ్చింది తర్వాత. ఖాళీ తొడుగు బయటికి లాగే కొక్కెం మాటిమాటికీ జారుతుంటే రైఫిల్‌ని కంపెనీకి పంపాను. తొమ్మిది వారాలకు తిరిగొచ్చింది. లోపల ఒక చీటీ: అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని. ఏం కొలిచారో లేదు, ఎంత వచ్చిందో లేదు, కొలిచినవాళ్ళ సంతకం లేదు. నేను ఏడేళ్ళు అలాంటి చీటీల మీద సంతకం పెట్టాను, ఒక్కటి కూడా కొలత రాయకుండా పంపలేదు. కొక్కెం అలాగే జారింది. ఆ రోజు నుంచి ఆ కంపెనీ నా లెక్కలో లేదు.

మూడు షాట్ల గ్రూప్ (కాగితం మీద గుళ్ళు పడిన గుంపు) గురించి ఇంకో మాట. కంపెనీలు ఇచ్చే గ్యారంటీలు ఎక్కువగా మూడు షాట్లవే. వెదర్‌బీ వాన్‌గార్డ్‌కి వంద గజాల దగ్గర మూడు షాట్లు 0.99 అంగుళాల్లోపు అని మాట ఇస్తారు. గురి కొలిచే ఒక ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అంటే ఆ దూరంలో 1.047 అంగుళాలు. మాట నిజమే, కానీ మూడు షాట్లకు అదృష్టం కూడా సాయపడుతుంది. పది కొట్టినప్పుడే బ్యారెల్ వేడి, స్టాక్ ఒత్తిడి, మరల (స్క్రూల) బిగుతు అన్నీ బయటపడతాయి. పది షాట్లు ఒకటిన్నర అంగుళంలో పెట్టే తక్కువ ధర రైఫిల్ దొరికితే నేను రెండో ప్రశ్న అడగను.

ఆ వాన్‌గార్డ్ తయారయ్యేది జపాన్‌లో హోవా వాళ్ళ దగ్గరే. హోవా యంత్ర పరికరాలు కూడా చేసే కంపెనీ, అది పనిలో కనిపిస్తుంది. 1500 రిసీవర్ కింది భాగం చదునుగా ఉంటుంది, పేలినప్పటి వెనక్కి తన్నుని స్టాక్‌కి ఆనించే రీకాయిల్ లగ్గు విడి ముక్క కాకుండా దానిలో భాగంగానే కోసి ఉంటుంది. బరువెక్కువ. మోసుకు తిరిగేవాళ్ళు విసుక్కుంటారు, బల్ల మీద కాల్చే నాలాంటివాళ్ళకు ఆ బరువే మేలు. ఫిన్లాండ్‌లో సాకో ఫ్యాక్టరీ నుంచి వచ్చే టిక్కా ధరలో ఒక మెట్టు పైది. వాళ్ళు కూడా మిగిల్చారు, కానీ తెలివిగా. చిన్న తూటాకీ పెద్ద తూటాకీ ఒకటే పొడవు యాక్షన్ (రిసీవర్, బోల్ట్ కలిపి), బోల్ట్ ఆపు మాత్రం మారుస్తారు. టి3లో ప్లాస్టిక్కుగా ఉన్న బోల్ట్ వెనక మూత 2016 టి3ఎక్స్‌లో లోహమైంది. కొన్నవాళ్ళు అడిగింది విని మార్చిన కంపెనీ అంటే నాకు ఇష్టం.

తక్కువ ధర అంటే చేతిలో పేలిపోతుందేమో అని టెన్షన్ పడేవాళ్ళకు ఒక్క విషయం. తుపాకుల పరీక్షకు దేశాలు కలిసి పెట్టుకున్న సీఐపీ ఒప్పందంలో ఉన్న చోట్ల ప్రతి రైఫిల్‌నీ అమ్మేముందు గరిష్ఠ ఒత్తిడికి 25 శాతం ఎక్కువ ఒత్తిడిచ్చే తూటాతో కాల్చి ముద్ర వేయాలి, అది చట్టం. అమెరికాలో తయారీదారుల సంఘం సామీ ప్రమాణాలు కంపెనీలు తమంతట తాము పాటించేవి. ముద్ర ఎక్కడుందో వెతికి చూడండి, చూడటానికి ఖర్చేమీ కాదు. బోర్‌స్కోప్ పెట్టి బ్యారెల్ లోపల టూలు గీతలు చూసి బెంబేలు పడటం మాత్రం అనవసరం. గీతలున్న బ్యారెళ్ళు చక్కగా కొట్టడం నేను చాలాసార్లు చూశాను. బ్యారెల్ కొన చూడటం మాత్రం వదలొద్దు, అక్కడ చిన్న నొక్కు పడినా గుండు పక్కకు పోతుంది.

ఇప్పుడు నా బల్ల మీద క్లబ్బులో కొత్త కుర్రాడి యాక్సిస్ 2 ఉంది. స్టాక్ మరలు మాన్యువల్‌లో రాసిన బిగుతుకి టార్క్ డ్రైవర్‌తో బిగించి, ఆ అంకె, తేదీ కాగితం మీద రాసిపెట్టాం. మొదటి పది షాట్లు 1.6 అంగుళాలు. ఆదివారం మరలు విప్పి, మళ్ళీ అదే బిగుతుకి బిగించి, రెండో పది కొడతాడు. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టి చూస్తాం.