హాస్టల్ గదిలో మట్టి కుండ: నాలుగేళ్ల వాడకం తరువాత

డిగ్రీ మొదటి ఏడాది మార్చిలో, హైదరాబాదులో రోడ్డు పక్కన కుండలు పేర్చుకుని అమ్ముతున్న ఒక పెద్దావిడ దగ్గర పది లీటర్ల ఎర్రమట్టి కుండ కొన్నాను. అంతకు ముందు ప్రతి సాయంత్రం గేటు పక్క దుకాణంలో లీటరు చల్లనీళ్ల సీసా కొనేదాన్ని. హాస్టల్‌లో మంచినీళ్లు లేక కాదు. మిద్దె మీది ట్యాంకులో ఎండకు కాగిన ఆ నీళ్లు గొంతు దిగేవి కావు. ఖాళీ సీసాలు మంచం కింద పోగుపడుతుంటే మనసుకు కష్టంగా ఉండేది గానీ కొనడం మాత్రం మానలేకపోయాను. కుండ వచ్చిన వారానికి ఆ సీసాల అవసరమే లేకుండా పోయింది. ప్లాస్టిక్ తగ్గించాలని గుడ్డ సంచీ, స్టీలు గ్లాసు వంటివి కూడా వాడాను. వాటిని ప్రతిరోజూ గుర్తుపెట్టుకోవలసి వచ్చేది. కుండకు ఆ బాధ లేదు, దాహం వేస్తే చెయ్యి దానంతట అదే అటు వెళ్లేది.

ఆ చల్లదనం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మే నెలలో ఒక మధ్యాహ్నం ప్రయోగశాల నుంచి అడిగి తెచ్చిన థర్మామీటరుతో చూస్తే గదిలో 39 డిగ్రీలు, కుండలో నీళ్లు 27 డిగ్రీలు ఉన్నాయి. కుండ గోడల సన్నటి రంధ్రాల గుండా నీరు చెమర్చి, ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి కనుక, బయటి వేడి లోపలికి చేరకపోతే, పది లీటర్లలో వంద గ్రాములు ఆవిరైనా మిగిలిన నీళ్లు ఐదారు డిగ్రీలు చల్లబడతాయి. కరెంటు పోయిన రాత్రుల్లో కూడా ఆ పని ఆగేది కాదు. నేల తడవకుండా పళ్లెంలో ఇసుక పోసి దాని మీద కుండను కూర్చోబెట్టాను. ఆ ఇసుకలో మెంతులు చల్లితే నాలుగు రోజులకే కుండ చుట్టూ పచ్చగా మొలకలు లేచాయి.

అదే ఏడాది వానాకాలంలో నేను చేసిన తప్పు మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా కొన్నవారు ఎవరైనా అదే చేస్తారు. లోపల చెయ్యి పెడితే జిగటగా తగిలింది. గిన్నెలు తోమే సబ్బు ద్రవం వేసి గట్టిగా రుద్ది, నాలుగైదు సార్లు కడిగి, నీళ్లు నింపాను. మర్నాడు మొదటి గుటకకే నిమ్మకాయ వాసన గల సబ్బు రుచి వచ్చింది. అమ్మమ్మకు ఫోన్ చేస్తే, "కుండకు సబ్బు తగిలించావా తల్లీ? అది తాగేసి ఉంటుంది. నింపు, పారబొయ్యి, మళ్లీ నింపు" అంది. నీరు బయటికి వచ్చే రంధ్రాల్లోకే సబ్బు కూడా దిగిందని నాకు అప్పుడు తట్టింది. రోజూ రాత్రి నింపడం, పొద్దున ఆ నీళ్లు బకెట్లోకి వంచి బట్టలు నానబెట్టడం, ఎండ కాసిన రోజున బోర్లించి ఆరబెట్టడం, ఇలా పద్దెనిమిది రోజులు గడిచాక గానీ ఆ రుచి పోలేదు. ఆ రోజుల్లో మళ్లీ సీసాలు కొన్నాను. అప్పటి నుంచి కొబ్బరి పీచు, కళ్లుప్పు తప్ప మరేదీ దానికి తగలనివ్వలేదు. వారానికొకసారి తోమి, పూర్తిగా ఆరిన తరువాతే నింపుతున్నాను.

పీజీలో సీటు విశాఖపట్నంలో వచ్చింది. రైల్లో కుండను దుప్పటిలో చుట్టి, రాత్రంతా కాళ్ల మధ్య పెట్టుకుని తీసుకువెళ్లాను. హైదరాబాదులో ఎవరు అడిగినా "ఏ ఊళ్లో ఉన్నా కొనుక్కోండి" అని చెప్పిన నేను, ఆ మాటను ఇక్కడ కొంత సవరించుకోవలసి వచ్చింది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువగా ఉండటం వల్ల కుండ చెమరుస్తుంది గానీ ఆ చెమట ఆరదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఎంత చూపిస్తుందో, నీళ్లు అంతకన్నా చల్లబడవు, తేమగాలిలో ఆ అంకే ఎక్కువగా ఉంటుంది. ఏప్రిల్‌లో గదిలో 33 డిగ్రీలున్నప్పుడు కుండ నీళ్లు 30 దగ్గరే ఆగిపోయాయి. హైదరాబాదులో తెల్లారేసరికి రెండు వేళ్ల మేర తగ్గే నీళ్లు ఇక్కడ తగ్గినట్టే కనిపించవు, పైగా ఇసుక పళ్లెం రోజంతా తడిగా ఉండి దోమలను పిలుస్తోంది. కిటికీ పక్కకు జరిపి, ఎదురుగా ఫ్యాను పెడితే కాస్త మెరుగు, అంతే.

కాబట్టి తెలంగాణలోనో రాయలసీమలోనో, కిటికీ తెరిస్తే గాలి ఆడే గదిలో, వేసవి సెలవుల ముందు నెలలు గడపవలసిన విద్యార్థికి ఈ కుండను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నింపడానికి బిందె మోయగలగడం, గదిలో కాళ్లు తగలని మూల ఒకటి ఉండటం కూడా అవసరమే. ముగ్గురం సర్దుకునే మా ఇప్పటి గదిలో ఆ మూల కోసం నా పుస్తకాల పెట్టెను మంచం మీదకు ఎక్కించాను. కోస్తా తీరంలో చదువుతున్నవారు మాత్రం నీళ్లు చల్లబడతాయన్న ఆశతో కొనవద్దు. నేను మాత్రం దాన్ని వదులుకోలేదు. నీళ్లకు ఆ మట్టి వాసన ఇంకా అలాగే ఉంది, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి కొంచెం పొడిబారినప్పుడు చల్లదనం కూడా తిరిగి వస్తోంది. మిగిలిన నెలల్లో హాస్టల్ కింది అంతస్తులో ఉన్న కూలరు దగ్గర స్టీలు సీసా నింపుకుంటున్నాను.