కోస్టారికాలో తాబేళ్ల కాపలా, కాంబోడియాలో ఇంగ్లిష్ పాఠాలు

కాలేజీ సెలవుల్లో విదేశాలకెళ్లి వాలంటీర్‌గా పనిచేయాలనుకునేవాళ్ల కోసం, నేను పనిచేసిన రెండు చోట్ల సంగతులు చెబుతాను.

మొదటిది కోస్టారికాలోని టోర్టుగెరో. ఆ ఊరికి రోడ్డు లేదు, పడవలోనో చిన్న విమానంలోనో వెళ్లాలి. జూలై నుంచి అక్టోబరు దాకా అక్కడి ఇసుకలో పచ్చ తాబేళ్లు గుడ్లు పెడతాయి. మా పనంతా రాత్రిపూటే. ముదురు రంగు బట్టలు వేసుకోవాలి, ఎర్ర లైటు తప్ప వేరే వెలుతురు ఉండకూడదు. తాబేలు గొయ్యి తవ్వుతుండగా దగ్గరికెళ్తే బెదిరి సముద్రంలోకి వెళ్లిపోతుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యాక, గ్లవ్ తొడిగిన చెయ్యి దాని కింద పెట్టి, ఒక్కో గుడ్డు పడుతుంటే రెండో చేత్తో కౌంటర్ నొక్కాలి. వంద దాటాక కూడా పడుతూనే ఉంటాయి. తర్వాత తాబేళ్ల జాడ పట్టే ఆ ఊరి ట్రాకర్, దాని ముందు రెక్కకున్న లోహపు ట్యాగ్ నంబరు చదువుతాడు, మనం రాసుకోవాలి. ఒక్క అంకె తేడా వచ్చినా ఆ తాబేలు చరిత్ర తెగిపోతుంది. అక్కడ 1950ల నుంచి పోగవుతున్న లెక్కలవి. చదువు పెద్దగా లేని ట్రాకర్ దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఇన్నేళ్ల ప్రాక్టికల్స్‌లో రాని ఓపిక అక్కడ వచ్చింది.

బస మాత్రం అంతంతమాత్రం. బంకు మంచాలు, ఆరని బట్టలు, నెట్ ఎప్పుడు వస్తుందో తెలియదు. శిక్షణకూ భద్రతకూ మాత్రం పూర్తి మార్కులు వేస్తాను.

కాంబోడియాలోని సియెం రీప్‌లో అంతా తలకిందులు. ఎయిర్‌పోర్ట్ పికప్, ఇన్సూరెన్స్ కాగితాలు, శుభ్రమైన హోమ్‌స్టే, దేనికీ టెన్షన్ లేదు. కానీ పని అనాథ పిల్లల ఆశ్రమంలో. నాకంటే ముందు వచ్చినవాళ్లు చెప్పి వెళ్లిన జంతువుల పేర్లే నేనూ చెప్పాను. పిల్లలు రెండో రోజుకే చెయ్యి వదల్లేదు. కొన్ని వారాలకు నేను వెళ్లిపోతాను, ఇంకొకరు వస్తారు, మళ్లీ అదే. ఆ దేశంలో ఆశ్రమాల్లోని పిల్లల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ చెప్పింది. వాలంటీర్ల డబ్బు ఉన్నంతకాలం ఆ పిల్లలు ఇంటికి చేరడం కష్టం. అందుకే బస ఎంత బాగున్నా, ఆశ్రమంలో పని ఉంటే వద్దంటాను.

ఏజెన్సీకి కట్టే స్తోమత లేకపోతే, వాలంటీర్లను సేంద్రియ రైతులతో కలిపే వూఫ్ (WWOOF) చూడండి. 1971లో బ్రిటన్‌లో మొదలైంది. సేంద్రియ పొలంలో రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తే, భోజనం, బస రైతే ఇస్తాడు.

ఎక్కడికైనా సరే, డబ్బు కట్టేముందు ఒక్కటి అడగండి: నేను వెళ్లిపోయాక ఈ పని ఎవరు చేస్తారు? టోర్టుగెరోలో ఆ ఊరివాళ్ల పేర్లు చెప్పారు. రెండోచోట ఏజెన్సీ దగ్గర జవాబు లేదు. వీసా సంగతీ ముందే తేల్చుకోండి. చాలా దేశాల్లో టూరిస్ట్ వీసా మీద జీతం లేని పని కూడా చేయకూడదు.