ఆయిల్ పెయింటింగ్ పేరుతో జెల్ పూసిన ప్రింట్లు అమ్ముతున్నారు, జాగ్రత్త

ఇంట్లో పెట్టుకోవడానికి ఈ కాలపు చిత్రకారుల బొమ్మలు, ముఖ్యంగా మనుషులున్న ఆయిల్ పెయింటింగ్‌లు కొనేవాళ్లు ఇది చదవండి. "ఒరిజినల్, ఆయిల్ ఆన్ కాన్వాస్" అని చెప్పి హైదరాబాద్‌లో మాకు 85 వేల రూపాయలకు అమ్మింది నిజానికి కాన్వాస్ మీద కొట్టిన ప్రింటు. దానిపైన పారదర్శకంగా ఉండే జెల్‌ను బ్రష్‌తో పూసి, రంగు మందంగా వేసినట్టు కనిపించేలా చేశారు. కేసు వినియోగదారుల కమిషన్‌లో ఉంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఎలా మోసం చేశారో మాత్రం దాచకుండా చెబుతాను.

వేపచెట్టు నీడలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న ఇద్దరు ఆడవాళ్ల బొమ్మ అది. వేసినాయన తెలంగాణ యువ చిత్రకారుడు, ఆయన పని అంటే మా ఇంట్లో అందరికీ ఇష్టం. అమ్మకందారు ఒక ఫ్లాట్‌లోనే షోరూమ్ నడుపుతున్నారు. బొమ్మ మీద పసుపు రంగు స్పాట్‌లైట్, చుట్టూ బరువైన ఫ్రేము, వెనక అంచుల దాకా అంటించేసిన బ్రౌన్ పేపరు. "పోయిన నెలే వేశారు మేడమ్, వార్నిష్ కూడా అయిపోయింది" అన్నారు.

ఆ మాట గుర్తుపెట్టుకోండి. ఆయిల్ రంగు నీళ్ల రంగులా నీరు ఆవిరై ఆరిపోదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పలుచగా వేసిన చోట చేతికి అంటకుండా ఉండటానికే కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాలు పడుతుంది, మందంగా వేసిన చోట నెలలు పడుతుంది. చివరి వార్నిష్ వేయడానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగమని చిత్రకారులు సాధారణంగా చెప్పుకుంటారు. మందమైన రంగుతో నెల కిందట వేసిన ఆయిల్ బొమ్మ, వార్నిష్‌తో సహా గట్టిగా ఆరిపోయి, నూనె వాసన లేకుండా గోడకు వేలాడుతోందంటే అక్కడే ఆగి గట్టిగా అడగాలి.

మా విషయం బయటపడింది ఫ్రేములు కట్టే ఆయన వల్ల. మూల వదులైందని తీసుకెళ్తే, వెనక పేపరు కోసి, కాన్వాస్ మడత చూసి, "ఇది చేత్తో వేసింది కాదమ్మా" అన్నారు. చెక్క చట్రం మీదుగా కాన్వాస్ మడిచిన చోట పైపూత సన్నగా పగిలి, రంగు కింద తెల్లటి పొర కనిపిస్తోంది. బొమ్మ ఆ అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. చేత్తో వేసినదైతే అక్కడ రంగు ఎంతో కొంత పొర్లి ఉంటుంది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ.

తర్వాత ఆయనే భూతద్దం ఇచ్చారు. నగల దుకాణాల్లో వాడే పదింతల భూతద్దం చాలు, పెద్ద ఖర్చేమీ కాదు. కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో పెట్టుకెళ్లండి. దూరానికి ఒకే గోధుమ రంగులా కనిపించిన చెంప, దగ్గరగా చూస్తే నీలం, ఎరుపు, పసుపు సన్నటి చుక్కలు. అసలైన ఆయిల్‌లో చుక్కలుండవు. ఒక రంగు మీద ఇంకో రంగు ఎక్కిన అంచు, బ్రష్ వెంట్రుకల చార కనిపిస్తాయి. ఇంకో గుర్తు కూడా ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగింది ఇదే. లైటును పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. మా బొమ్మలో జెల్ చారలు గడ్డం నుంచి జుట్టు దాకా ఒకే ఊపులో పోయాయి. చెంప గుండ్రదనానికీ కొంగు మడతకీ ఆ చారలతో సంబంధమే లేదు. మనిషిని గీసే చిత్రకారుడి బ్రష్ ఎముకనూ కండనూ అనుసరించి తిరుగుతుంది. సంతకాన్ని కూడా భూతద్దంతో చూడండి. మాదాంట్లో సంతకమూ చుక్కలే.

యూవీ టార్చ్ కూడా కొంతవరకు పనికొస్తుంది. ప్రింటింగ్ కాన్వాస్‌ల పూతలో తెల్లదనం కోసం కలిపే రసాయనం చాలావాటిలో చీకట్లో ఆ వెలుతురు పడితే నీలంగా మెరుస్తుంది. అలా మెరవనంత మాత్రాన అసలుదని అనుకోవద్దు. స్పిరిట్‌తో తుడిచి చూడమని ఎవరైనా చెప్తే వినొద్దు, నిజమైన బొమ్మ అయితే పాడైపోతుంది.

ఇక సర్టిఫికెట్. బంగారు అంచు కాగితం, ఎర్ర ముద్ర, అన్నీ ఉన్నాయి. కింద సంతకం మాత్రం అమ్మినవాళ్లదే. "అథెంటిక్ ఆర్ట్‌వర్క్" అని రాశారు తప్ప ఒరిజినల్ అన్న మాట గానీ, ఆయిల్ అన్న మాట గానీ, వేసిన సంవత్సరం గానీ లేవు. బిల్లులో "వాల్ డెకర్" అని ఉంది! నోటితో చెప్పిన ఏ మాటా కాగితం మీద పడకుండా ముందే చూసుకున్నారు. అడిగితే, "పైన చేత్తో పని చేశాం కదా, మిక్స్‌డ్ మీడియా అంటారు" అని, అంటే ఒకటికి మించి మాధ్యమాలు కలిపి చేసిన పని అని జవాబు. డబ్బు వెనక్కి ఇవ్వం, కావాలంటే ఇంకో బొమ్మ తీసుకోండి అన్నారు.

చిత్రకారుడికి ఫొటోలు పంపాం. అసలు బొమ్మ ఎప్పుడో అమ్ముడుపోయి వేరేవాళ్ల ఇంట్లో ఉందట, ప్రింట్లు తీయడానికి ఆయన ఎవరికీ అనుమతి ఇవ్వలేదట. నాకు మా డబ్బు కన్నా ఇదే ఎక్కువ బాధ కలిగించింది. బొమ్మ కొన్నవాళ్లకు దాన్ని అచ్చువేసి అమ్మే హక్కు దానంతటదే రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు సాధారణంగా చిత్రకారుడిదే, ఆయన తర్వాత కూడా 60 ఏళ్లు ఉంటుంది.

అందుకే డబ్బు కట్టేముందు చిత్రకారుడితో నేరుగా మాట్లాడండి. బతికున్న చిత్రకారుల బొమ్మలు కొనడంలో మనకున్న గొప్ప సౌకర్యం అది. బొమ్మ ఫొటో, కొలతలు పంపి "ఇది మీదేనా, ఏ రంగులతో వేశారు, ఎవరికి ఇచ్చారు" అని అడిగితే చాలామంది సంతోషంగా చెప్తారు. చిత్రకారుడి నంబరు ఇవ్వనన్న అమ్మకందారు దగ్గర నేనిక కొనను.

పేరున్నవాళ్ల బొమ్మలైతే వాళ్లు ఏ మాధ్యమంలో పని చేస్తారో ముందే తెలుసుకోవాలి. తెలంగాణ చిత్రకారుడు తోట వైకుంఠం గారి కాన్వాస్‌లు ఎక్కువగా యాక్రిలిక్‌లో, అంటే నీళ్లతో కలిపే, త్వరగా ఆరే రంగుతో వేసినవి. ఇంకో తెలంగాణ చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారికి పేరు తెచ్చినవి ఎచింగ్‌లు (లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు చెక్కి తీసే అచ్చులు), రేఖాచిత్రాలు. వాళ్ల పేరుతో పెద్ద ఆయిల్ కాన్వాస్ చవగ్గా వస్తోందంటే ఒకటికి పదిసార్లు ఆరా తీయండి. పెద్ద వేదిక కదా అని నమ్మడానికీ లేదు. 2009లో ఢిల్లీలో తన బొమ్మల ప్రదర్శనకు వెళ్లిన ప్రసిద్ధ చిత్రకారుడు ఎస్.హెచ్. రజా, గోడల మీదున్నవాటిలో చాలావరకు తాను వేసినవి కావని చెప్పాల్సి వచ్చింది. 2011లో కోల్‌కతా ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలో రవీంద్రనాథ్ ఠాగూర్ బొమ్మలంటూ ప్రదర్శించినవి నిపుణుల పరిశీలనలో నకిలీవని తేలాయి.

కంటికి అలవాటు కావాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ ఆయిల్ చిత్రాల ముందు, రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీలో కాసేపు నిలబడండి. రంగు పొర ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది.

బిల్లులో చిత్రకారుడి పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, కొలతలు, "ఒరిజినల్, చేత్తో వేసిన ఆయిల్" అన్న మాటలు రాయించండి. సర్టిఫికెట్ మీద చిత్రకారుడి సంతకం ఉండాలి. చేతికి నగదు ఇవ్వొద్దు. అమెరికాలో ఉండి వీడియో కాల్‌లో చూసి కొనే మనవాళ్లు, ఇక్కడున్న చుట్టాలెవరినైనా పంపి వెనకవైపు చూపించమనండి.

ఇప్పటికే కొని అనుమానం ఉన్నవాళ్లు వెనక పేపరు విప్పేటప్పుడు వీడియో తీయండి, అమ్మినవాళ్ల మెసేజ్‌లు చెరిపేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. దాంతో తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అమ్మినవాళ్ల ఊరికి వెళ్లక్కర్లేదు. ఐదు లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు. గడువు రెండేళ్లు, ఆలస్యం చేయకండి.